చూడని రెండు పాదాలు

బేస్ క్యాంపు
(ఊరి పేరు రాయనివ్వరు)
సెప్టెంబరు 14

అక్కకు,

ముందు మంచి కబురు. మొన్న సోమవారం పెరేడ్‌లో కమాండింగ్ ఆఫీసరు గారు నా చేతికి పట్టీ పెట్టారు. ఎనిమిదేళ్ళు సిపాయి ప్రభుని. ఇప్పుడు లాన్స్ నాయక్ ప్రభుని. బావకి ఇవాళే చెప్పు, ట్రాక్టరు దిగంగానే.

మామయ్య పెద్ద ఆఫీసరైపోయాడా అని షారోన్ అడుగుతుంది. కాలేదని చెప్పు. సిపాయి చేతి మీద ఏమీ ఉండదు. లాన్స్ నాయక్‌కి ఒక పట్టీ, నాయక్‌కి రెండు, హవల్దారుకి మూడు. ఆఫీసర్లు ఇంకా ఎక్కడో పైన ఉంటారు. నాకు గది మారలేదు, మంచం మారలేదు. భోజనానికి నిన్న నిలబడ్డ వరసలోనే ఇవాళా నిలబడ్డా. లాన్స్ నాయక్‌కి ఎవరూ సెల్యూట్ కూడా కొట్టరు. మా సెక్షన్‌లో పది మందిమి. హవల్దారు గారు పెద్ద, ఆయన తర్వాత నేను. ఆయన పక్కకి వెళ్తే ఆ పది మందీ ఏం చేస్తున్నారో, ఎక్కడున్నారో నేను చెప్పాలి. అంతే తేడా. వినడానికి చిన్నదే.

మీరావలికి పట్టీ రాలేదక్కా. ఇద్దరం ఒకే రోజు గుంటూరులో సెలక్షన్‌కి పరిగెత్తాం, ఒకే రైలెక్కాం. పట్టీ కోసం చేసే కేడర్ కోర్సు కూడా కలిసే చేశాం. మ్యాపు చదివే పరీక్షలో వాడు తప్పాడు. నాకు పట్టీ పెట్టిన రోజు వాడే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. తర్వాత బారక్‌లోకి వచ్చి, "ఏరా పట్టీ, ఇక నుంచి నీళ్ళు తెమ్మంటే నీకు నేనే తేవాలా?" అన్నాడు. "నీ నీళ్ళు నువ్వు తెచ్చుకో చాలు" అన్నా. వాడు మా సెక్షన్‌లోనే. అంటే నా కిందే. ఆ మాట రాస్తుంటే నాకే ఎలాగో ఉంది.

వచ్చే వారం పైకి ఎక్కుతున్నాం. అక్కడ సెల్ పనిచెయ్యదు. పది రోజులకోసారి శాటిలైట్ ఫోను, మనిషికి రెండు నిమిషాలు. అందులో నీ గొంతూ నా గొంతూ ఒకదాని మీద ఒకటి పడి ఏదీ వినపడదు. ఉత్తరాలు రాయి. రేషను తెచ్చే హెలికాప్టరులో వస్తాయి, ఆలస్యమైనా వస్తాయి.

నీ తమ్ముడు,
ప్రభు


నాగులవరం
పెదనందిపాడు మండలం
అక్టోబరు 3

ఒరేయ్ ప్రభూ,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారితో చెప్తే ఆయన అందరి ముందూ చదివేశారు. మీ బావ ఏమీ ఎరగనట్టు చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయాడు. చూస్తే గోడ పక్కన కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను చెప్పానని ఫోనులో అనమాక, సిగ్గుపడతాడు.

అమ్మ ఉంటే బాగుండేదిరా. ఆవిడ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు. నేను మిరప కోతకి పోతూ నిన్ను వెంటబెట్టుకుపోతే సాళ్ళ మధ్య నిద్రపోయేవాడివి. ఆ మంటకి కళ్ళు ఎర్రగా చేసుకుని లేచేవాడివి. ఇవాళ నీ మాట ఎనిమిది మంది వినాలంట.

మీరావలి వాళ్ళింటికి నేనే వెళ్ళి మస్తాన్‌బీ అత్తకి చెప్పా. వేరేవాళ్ళు చెప్తే ఇంకోలా ఉంటదని. అత్త సేమ్యా చేసి పెట్టింది. ఖాదర్ వలి మామ పరుపు కుడుతూ తలెత్తకుండానే, "మావాడికి చిన్నప్పట్నుంచీ దిక్కులు తెలవ్వమ్మా, మ్యాపు ఏం చదువుతాడు" అన్నాడు. అందరం నవ్వాం. షంషాద్‌కి ఆరో నెల దాటింది. డిసెంబరు మధ్యలో కాన్పు అన్నారు డాక్టరమ్మ. ఐదో తారీకున బయల్దేరి వస్తానని మీరావలి మాటిచ్చాడంట. నువ్వు కాస్త చూడు, వాడి లీవు ఎవరూ ఆపకుండా.

ఇంకో సంగతి. మా ముఠా మేస్త్రి రాహేలమ్మ గారికి మోకాళ్ళు పట్టేశాయి, చేలోకి దిగలేకపోతున్నారు. "హెలెనూ, నువ్వు చూసుకో" అంటున్నారు. రైతు యలమందయ్య గారు కూడా అదే మాట. నాకు భయంగా ఉందిరా. పత్తి తియ్యమంటే తీస్తా, మిరపకాయ కొయ్యమంటే కోస్తా. ఇరవై ఇద్దరు ఆడవాళ్ళకి ఏం చెప్తాను? నువ్వెట్టా చెప్తున్నావో రాయి.

చలికి జాగ్రత్త.

అక్క


పైన
నవంబరు 2

అక్కకు,

పైకి వచ్చి నెల దాటింది. ఇక్కడ చెట్టు లేదు, పిట్ట లేదు. నీళ్ళు కావాలంటే మంచు కరిగించుకోవాలి. నువ్వు పంపిన పచ్చడి గడ్డకడితే పొయ్యి పక్కన పెట్టి కరిగించి తింటున్నాం. మా హవల్దారు గారిది కేరళ. ఒక ముద్ద తిని ఇంత నీళ్ళు తాగి మళ్ళీ ఇంకో ముద్ద అడిగారు.

మేస్త్రిగా ఎట్టా చెప్పాలని అడిగావు. నాకే తెలియదక్కా. సిపాయిగా ఉన్నప్పుడు తవ్వమంటే తవ్వేవాణ్ణి. తవ్వమన్నవాణ్ణి రాత్రికి అందరితో కలిసి తిట్టుకునేవాణ్ణి. ఆ తిట్టుకోవడంలో ఎంత హాయి ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు నేను టెంటులోకి రాగానే మాటలు ఆగిపోతాయి. ఎవరో ఒకరు జరిగి చోటు ఇస్తారు. ఇదివరకు నన్ను తోసి కూర్చునేవాళ్ళు.

సిపాయిని, నువ్వేం చేశావని అడుగుతారు. నన్ను, వాళ్ళేం చేశారని అడుగుతారు. గస్తీకి ఎవరు వెళ్ళాలో, మంచు ఎవరు తవ్వాలో రాసేది నేనే. మీరావలి పేరు రాసేటప్పుడు పెన్ను కాసేపు ఆగుతుంది. రాయకపోతే మిగతావాళ్ళు చూస్తారు. రాస్తే వాడు చూస్తాడు. మొన్న తవ్వకానికి వాడి పేరు రాస్తే పార తీసుకుని, "చిత్తం దొరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను కూడా ఇంకో పార తీసుకుని వాడి పక్కన తవ్వాను. హవల్దారు గారు చూశారు. తర్వాత పిలిచి, "నువ్వు తవ్వుతుంటే గస్తీవాళ్ళు తిరిగొచ్చారో లేదో ఎవరు చూస్తారు?" అని అడిగారు.

నువ్వు మేస్త్రి పనికి ఒప్పుకో. రాహేలమ్మ గారు ఊరికే అనరు.

మీరావలి లీవు ఖాయమైంది. డిసెంబరు ఐదున దిగుతాడు. పాపాయికి ఊలు టోపీ అల్లుతున్నాడు. మూడుసార్లు విప్పాడు.

ప్రభు


నాగులవరం
నవంబరు 20

ప్రభూ,

ఒప్పుకున్నా. ఒప్పుకున్న మూడో రోజే ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది.

యలమందయ్య గారి చేలో పత్తి రెండో తీత జరుగుతోంది. ఎవరు ఏ సాలు పట్టాలో నేనే చెప్పాలి. మొన్నటిదాకా "హెలెనూ, నీ మొగుడు నిన్న ఏం తెచ్చాడే" అని పరాచికాలాడినోళ్ళు ఇప్పుడు నేను దగ్గరికొస్తే పత్తి కాయల వంక చూస్తున్నారు. నువ్వు రాసింది చదివి నవ్వుకున్నా. అక్కడ మంచు, ఇక్కడ ఎండ, గోల మాత్రం ఒకటే.

జ్యోతిర్మయి నీకు తెలుసుగా, నాతో ఒకటో తరగతి నుంచీ చదివింది. పని నిదానం, మాట ఎక్కువ. అందరూ గట్టుకి చేరినా దాని సాలు సగంలోనే ఉంటది. యలమందయ్య గారు, "ఆ అమ్మాయికి చెప్పమ్మా హెలెనూ" అన్నారు. నోరు రాలేదురా. ఎట్టా చెప్తాను దానికి? నా పెళ్ళికి పూలు కట్టింది అదే. అందుకని ఏం చేశానంటే, నా సాలు తొందరగా తీసేసి దాని సాలు అవతలి చివర్నుంచి నేనే తీసుకొచ్చా. నాలుగు రోజులు చేశా. ఐదో రోజు నడుం పట్టేసి మంచం మీద ఉన్నా. మీ బావ జండూబామ్ రాస్తూ, "నువ్వు మేస్త్రివా, రెండో కూలిమనిషివా?" అని అడిగాడు.

షంషాద్‌కి కాళ్ళకి నీరొచ్చింది. కాన్పు పెందలాడే రావచ్చు అంటున్నారు డాక్టరమ్మ. రోజూ గోడ మీద క్యాలెండరు చూసుకుంటోంది ఆ పిల్ల. మీరావలిని తొందరగా పంపు.

అక్క


పైన
డిసెంబరు 10

అక్కకు,

నేను బాగున్నాను. మంచు ఎక్కువగా పడుతోంది. హెలికాప్టరు సరిగ్గా రావడం లేదు.

మీరావలి లీవు కాస్త వెనక్కి జరిగింది. వాడు కింద ఉన్నాడు. బాగానే ఉన్నాడు. షంషాద్‌ని కంగారు పడొద్దని చెప్పు.

నీ నడుం తగ్గిందా? జ్యోతిర్మయికి చెప్పెయ్యక్కా. నీ అంతట నువ్వే చెప్పెయ్యి. ఆలస్యం చెయ్యకు.

పని ఉంది. మళ్ళీ రాస్తా.

ప్రభు


నాగులవరం
డిసెంబరు 29

ప్రభూ,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివా. చదవడానికి అందులో ఏముంది గనక. తమ్ముడు రాసినట్టు లేదు, పోలీసు స్టేషనుకి రాసిన కాగితంలా ఉంది.

షంషాద్ పధ్నాలుగో తారీకున ఆడపిల్లని కన్నది. తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల నోరు తెరిచిందంటే వీధి చివరిదాకా వినపడతది. మొగుడు పక్కన లేడని ఆ అమ్మాయి ఏడుస్తూనే ఉంది.

క్రిస్మస్ పండగ రోజు నేను కేకు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళా. మస్తాన్‌బీ అత్త గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. మన రెండిళ్ళ మధ్య ఎప్పుడైనా అట్టా జరిగిందారా? "మీ తమ్ముడు నా కొడుకుని పైవాళ్ళకి పట్టించి కిందికి పంపించాడంటమ్మా. లీవు పోయింది. ఏదో ఆస్పత్రిలో పడేశారు. ఒక్క పట్టీ కోసం కలిసి తిరిగినోణ్ణి అట్టా చేస్తారా?" అంది. నా చేతిలో కేకు నా చేతిలోనే ఉండిపోయింది. మీరావలి ఫోను చేశాడంట. ఎందుకు రాలేదంటే, "ప్రభు రిపోర్టు చేశాడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడంట. ఆస్పత్రి ఎందుకంటే జ్వరమన్నాడంట.

నిన్ను నేను పెంచాను. నువ్వు అట్టాంటోడివి కాదని వాళ్ళ గుమ్మంలో నిలబడి చెప్పా. కానీ ఇంటికొచ్చాక నీ ఉత్తరం తీసి చూస్తే, నాకేదో దాస్తున్నట్టే ఉంది. "కింద ఉన్నాడు, బాగానే ఉన్నాడు." ఏం కింద? ఏం బాగు?

నాకు దాయమాక ప్రభూ. నువ్వు తప్పు చేసుంటే అది కూడా నేనే ముందు వినాలి. ఊళ్ళో వాళ్ళ నోటి నుంచి కాదు.

కేకు తెచ్చి మూత పెట్టి ఉంచా. ఎవరూ ముట్టుకోలేదు.

అక్క


పైన
జనవరి 17

అక్కకు,

నీ ఉత్తరం చేరి మూడు రోజులైంది. ఇవాళ గాలి తగ్గింది, వేళ్ళు ఆడుతున్నాయి. అంతా రాస్తాను. బావకి చదివి వినిపించు. షారోన్‌కి వద్దు.

ఇక్కడ రోజూ సాయంత్రం నాలుగింటికి కాళ్ళ తనిఖీ ఉంటుంది. అందరూ బూట్లు, మేజోళ్ళు విప్పి కిరోసిన్ పొయ్యి చుట్టూ కూర్చుంటారు. ఈ చలికి రక్తం ఆగిపోతే వేలు మొదట తెల్లబడుతుంది, తర్వాత మొద్దుబారుతుంది, తర్వాత నల్లబడుతుంది. మొదట్లో పట్టుకుంటే బతికించొచ్చు. అందుకని ఒక్కొక్కళ్ళ వేలూ నొక్కి, తెలుస్తోందా అని అడిగి, పుస్తకంలో రాయాలి. ఆ పని లాన్స్ నాయక్‌ది. నాది.

మొదటి రోజు మీరావలి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నా. వాడు కాళ్ళు వెనక్కి లాక్కుని, "నా కాళ్ళు కూడా పట్టుకుంటావేంట్రా? నీ అరికాల్లో తుమ్మముల్లు తీసింది నేను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "బాగున్నాయా?" అన్నా. "భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు. బాగున్నాయని రాశాను. రెండో రోజు వాడు మేజోళ్ళే విప్పలేదు. నేనూ విప్పమనలేదు. తర్వాత అదే అలవాటైంది. మిగతావాళ్ళవి చూసేవాణ్ణి, వాడివి అడిగి రాసేవాణ్ణి.

నవంబరు ఇరవై ఎనిమిదిన వాడు మంచు తవ్వుతుంటే ఎడమ కాలు సరిగ్గా మోపడం లేదని చూశా. టెంటు వెనక్కి తీసుకెళ్ళి బూటు విప్పించా. చివరి రెండు వేళ్ళూ మైనంలా తెల్లగా ఉన్నాయి. నొక్కితే వాడికి తెలియలేదు. "ఎన్నాళ్ళ నుంచిరా?" అంటే బూటు అందుకోబోయాడు. "పద, హవల్దారు గారికి చెప్దాం" అన్నా. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్తే నన్ను ఆస్పత్రికి పంపుతారు, ఇంటికి కాదు. షంషాద్‌కి మాటిచ్చానురా. రేపు హెలికాప్టరు వస్తుంది, ముందే దిగుతానని అడుగుతా. గుంటూరులో చూపించుకుంటా. ఒక్క రోజు ఆగు."

"ఒక్క రోజులో ఏమవుతుందో కోర్సులో చెప్పారు కదరా."

"పట్టీ వేసుకున్నోడివి కాబట్టి అట్టా అంటున్నావు. పట్టీ లేకపోతే ఆగేవాడివి."

ఆ మాట నన్ను పట్టేసిందక్కా. ఆగాను. ఆ సాయంత్రం పుస్తకంలో వాడి పేరు ఎదురుగా బాగున్నాయని నా చేత్తో రాశాను. గోరువెచ్చని నీళ్ళలో వాడి కాలు పెట్టించి, నా మేజోళ్ళు తొడిగి, అదే వైద్యం అనుకున్నాను. మర్నాడు మంచు కమ్మేసింది, హెలికాప్టరు రాలేదు. ఆ రోజు కూడా చెప్పలేదు. ముప్పయ్యో తారీకు పొద్దున చూస్తే వేళ్ళు నల్లబడి ఉన్నాయి. అప్పుడు హవల్దారు గారి దగ్గరికి పరిగెత్తా.

గాలికి హెలికాప్టరు ఎగరలేదు. ఆరుగురం స్ట్రెచర్ మీద మోసుకుంటూ కింది పోస్టుకి ఐదు గంటలు నడిచాం. నేను తలవైపు పట్టుకున్నా. దారంతా వాడు నా వంక చూడలేదు. పోస్టు దగ్గర దింపాక మాత్రం, "పట్టీ గెలిచిందిరా" అన్నాడు. కాసేపాగి, "కాన్పయ్యేదాకా కాలి సంగతి ఇంట్లో చెప్పకు" అన్నాడు.

ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేశారు. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే వేళ్ళు దక్కేవని డాక్టరు గారు అన్నారంట.

వాడికి మాటిచ్చాను కాబట్టే నీకు రాయలేదు. అది సగం నిజం. వాడలా అడగడం నాకు కూడా అనువుగా ఉంది. మిగతా సగం అది.

హవల్దారు గారికి పైనున్న సుబేదార్ సాబ్ నన్ను పిలిపించారు. అరవలేదు. "మీ సెక్షన్‌లో ఎంతమంది?" అన్నారు.

"పది మంది సాబ్."

"ఎన్ని పాదాలు?"

"ఇరవై సాబ్."

"ఎన్ని చూశావు?"

"పద్దెనిమిది సాబ్."

నేనే పట్టీ తీసేయమని అడిగాను. సిపాయిగానే ఉంటానన్నాను. "సిపాయి తన కాళ్ళు దాచాడు. అది వాడి తప్పు. నువ్వు వాడి తప్పుని సంతకం పెట్టి పుస్తకంలోకి ఎక్కించావు. పట్టీ విప్పేసి మూల కూర్చుంటే నీకు హాయిగా ఉంటుంది. ఆ టెంటులో ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. నాలుగవుతోంది. వెళ్ళి చూడు" అన్నారు. రెండో పట్టీ కోసం నాయక్ కేడర్‌కి పంపే జాబితాలోంచి ఈ ఏడు నా పేరు కొట్టేశారు. అది న్యాయమే.

ఆ సాయంత్రం ఒక్కొక్కళ్ళ ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నా. ఎవరూ నవ్వలేదు. హవల్దారు గారు కూడా అడక్కుండానే మేజోళ్ళు విప్పి కాళ్ళు చాపారు.

మస్తాన్‌బీ అత్త తిట్టింది నిజమేనక్కా. కాకపోతే చెప్పినందుకు తిట్టింది. ఆలస్యంగా చెప్పినందుకు తిట్టాలి.

పాపాయిని చూశావా? ఎవరి పోలిక?

ప్రభు


నాగులవరం
ఫిబ్రవరి 21

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించా. సగంలో నా చేతిలోంచి తీసుకుని మిగతాది ఆయనే చదివాడు. చదివి మడిచి బైబిల్లో పెట్టాడు.

నీది తప్పు కాదని నేను అనను. అంటే నువ్వు నమ్మవు కూడా. నువ్వు ఆ రెండు రోజులు ఆగింది వాడి మీద ప్రేమతోనని తెలుసు. పరిగెత్తింది కూడా ఆ ప్రేమతోనే. మొదటిది చూస్తే నాకు కోపం వస్తోంది, రెండోది చూస్తే కడుపు నిండుతోంది. రెండూ నీ పనులే, నేనేం చెయ్యను?

నువ్వు చెప్పమన్నట్టే జ్యోతిర్మయికి చెప్పా. మిరప కోతలు మొదలైన రోజు, అందరిలో కాదు, గట్టు మీద ఇద్దరమే కూర్చుని సద్ది తినేటప్పుడు. "నీ సాలు నేను తియ్యనే ఇక" అన్నా. అది మూతి తిప్పుకుని లేచిపోయింది. తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజు దాని కూతురికి చూపు ఆనడం లేదని, పని మధ్యలో నాలుగుసార్లు ఇంటికి ఫోను చేసుకుంటోందని తెలిసింది. ఇన్నాళ్ళూ దాని సాలు తీశాను గానీ ఎందుకు వెనకబడుతోందో అడగలేదు చూడు. మంగళవారం దానికి సెలవిచ్చి గుంటూరు కంటి ఆస్పత్రికి పంపా.

ఇప్పుడు అసలు కబురు. మీరావలి వచ్చాడు. పోయిన గురువారం. ఆరు వారాలు సిక్ లీవు.

నేను వెంటనే వెళ్ళలేదు. వాడంతట వాడు చెప్పుకునేదాకా నేను నోరు తెరవకూడదని మీ బావ అన్నాడు. మూడో రోజు షంషాదే కబురు పంపింది, పిల్లని చూసిపొమ్మని. కోత నుంచి అట్టాగే వెళ్ళా, చేతులు మండుతున్నాయని పిల్లని ఎత్తుకోలేదు. ఖాదర్ వలి మామ వసారాలో దూది ఏకుతున్నాడు. మీరావలి మంచం మీద ఉన్నాడు, ఇంత ఎండలో కూడా కాళ్ళకి మేజోళ్ళు. మస్తాన్‌బీ అత్త నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"వచ్చావా అమ్మా. మీ తమ్ముడికి రెండో పట్టీ వచ్చిందా?"

"అమ్మా, ఆపు" అన్నాడు మీరావలి.

"ఎందుకాపాలి? బిడ్డ పుట్టిన రోజు నువ్వు లేవు. ఎవరి వల్ల?"

వాడు వంగి ఎడమ మేజోడు లాగేశాడు. ప్రభూ, నేను చూశాను. అత్త చూసింది. షంషాద్ ముందే చూసినట్టుంది, పిల్లని గుండెకి హత్తుకుని గోడ వైపు తిరిగింది. మామ చేతిలో దూది అట్టాగే ఉండిపోయింది.

"నా వల్ల" అన్నాడు వాడు. "వాడు చూస్తానంటే నేను చూపించలేదు. కనిపెట్టాక కూడా చెప్పొద్దని బతిమాలా. వాడు చెప్పి నా లీవు పోగొట్టలేదమ్మా. చెప్పొద్దని నేనే వేళ్ళు పోగొట్టుకున్నా. ఇంకో రోజు గడిస్తే పాదం తీసేసేవాళ్ళమని డాక్టరు చెప్పాడు. ఫోనులో నీకు నిజం చెప్పే ధైర్యం లేక వాడి పేరు చెప్పా."

అత్త దగ్గరికి జరిగింది. వాడి పాదం తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎంతసేపో అట్టాగే నిమురుతూ కూర్చుంది. తర్వాత లేచి లోపలికెళ్ళి నాకు టీ తెచ్చింది. గ్లాసు నా చేతిలో పెట్టింది. "పండగ రోజు నిన్ను గుమ్మంలో నిలబెట్టా" అంది. నేను టీ తాగా.

వచ్చేటప్పుడు మీరావలి కర్ర పట్టుకుని గేటుదాకా వచ్చాడు. "అక్కా, ప్రభుకి రాద్దామని మూడుసార్లు కాగితం తీశా. పైన ఏమని రాయాలో తెలియలేదు. వాడు నా లాన్స్ నాయకా, నా ప్రభుగాడా అని అక్కడే ఆగిపోయా. నువ్వు రాస్తావుగా, నీ ఉత్తరంలోనే ఒక మాట వెయ్యి. ఏప్రిల్లో బెటాలియన్ కిందికి దిగుతుందంట. నన్ను మళ్ళీ వాడి కిందే వెయ్యమని అడగమను" అన్నాడు. కింద అనే మాట వాడే అన్నాడు, నేను కల్పించింది కాదు.

పిల్లకి రేష్మా అని పెట్టారు. పోలిక ఇంకా తెలియడం లేదు గానీ కోపం మాత్రం నాన్నమ్మదే.

కాయ ఎర్రగా పండింది ఈసారి. చేలన్నీ చూడటానికి బాగున్నాయి. అన్నం సరిగ్గా తిను.

అక్క


పైన
మార్చి 12

అక్కకు,

నీ ఉత్తరం చదివి టెంటు బయటికి వెళ్ళి కాసేపు నిలబడ్డా. కళ్ళలో నీళ్ళొస్తే ఇక్కడ రెప్పల మీదే గడ్డకడతాయి, అందుకని తొందరగా లోపలికి వచ్చేశా.

మీరావలి అడిగిన సంగతి హవల్దారు గారితో మాట్లాడా. ఆయన సుబేదార్ సాబ్ దాకా తీసుకెళ్ళారు. వాడు ఇక ఇంత ఎత్తుకి రాకూడదని డాక్టరు గారు రాశారు. ఏడాదిపాటు స్టోర్సులో పని ఇస్తారు. కానీ కంపెనీ ఇదే, బారక్ ఇదే. పేరు మా సెక్షన్‌లోనే ఉంచమని అడిగాను. "వాడి మీద మళ్ళీ మెత్తబడవుగా?" అన్నారు సాబ్. "మెత్తబడతాను సాబ్, చూడటం మాత్రం మానను" అన్నాను. ఆయన గొణుక్కుంటూ సంతకం పెట్టారు.

ఏప్రిల్ పదికి కిందికి దిగుతాం. మే నెలలో నాకు లీవు. జ్యోతిర్మయక్క కూతురి కంటికి ఏం చెప్పారో రాయి. రేష్మాని ఎత్తుకోవాలి, మస్తాన్‌బీ అత్త దగ్గర తినాల్సిన తిట్లు ఏమైనా మిగిలుంటే అవి కూడా తింటాను.

ఈ కవర్లో ఇంకో కాగితం ఉంది. మడత విప్పకుండా మీరావలికి ఇవ్వు. పైన ఏమని మొదలుపెట్టాలో నాకూ చాలాసేపు తెలియలేదు. చివరికి "ఒరేయ్" అని రాశాను. కింద సంతకం దగ్గర మాత్రం లాన్స్ నాయక్ ప్రభు అని పెట్టాను. రెండూ వాడికి అర్థమవుతాయి.

నీ తమ్ముడు